అమ్మకం ముందు, ఆరా వెనుక

మన దేశంలో విలువను బట్టి ఎక్కువగా అమ్ముడయ్యే మందుల పట్టికలో పై వరుసలు ఏళ్ల తరబడి యాంటీబయాటిక్‌లవి, షుగర్ మందులవి, గ్యాస్ మందులవి. 2025 అక్టోబరులో ఆ వరుస మారింది. యాంటీబయాటిక్ ఆగ్‌మెంటిన్‌ను కిందికి దించి మౌంజారో మొదటి స్థానానికి వచ్చింది. ఆ ఒక్క నెలలో దాని అమ్మకం దాదాపు 100 కోట్ల రూపాయలు. వారానికోసారి పొట్ట మీద పొడుచుకునే ఈ ఇంజెక్షన్ దేశంలోకి అడుగుపెట్టింది అదే ఏడాది మార్చి 20న. షుగర్‌కూ ఊబకాయానికీ రెండింటికీ అనుమతి ఉన్న మందే అయినా, జనం నోట అది సన్నబడే సూది.

ఔషధశాస్త్రం బోధిస్తూ జీవితం గడిపిన ఒక గురువు పేరిట జరిగే ఈ ఉపన్యాసం ఈ ఏడు ఆ సూది వెనకున్న కథను ఎంచుకుంది. బరువు తగ్గించే మందులకు తొంభై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. అందులో ఒకే వరస మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. మందు ముందు జోరుగా అమ్ముడవుతుంది. అది మనుషుల ఒంట్లో ఏం చేస్తున్నదన్న ఆరా చాలా ఆలస్యంగా మొదలవుతుంది. మొదలైనప్పుడు కూడా చాలాసార్లు కంపెనీ వల్లో సర్కారు వల్లో కాదు, రోగి పక్కన పనిచేస్తున్న ఎవరో ఒకరికి అనుమానం రావడం వల్ల. ఇప్పుడొచ్చిన మందులు పాతవాటికంటే ఎన్నో రెట్లు మెరుగైనవి, ఎంతోమందికి నిజంగా అవసరమైనవి. అందుకే ఈసారైనా ఆ ఆరా అమ్మకంతోపాటే నడవాలి.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్స్ ఆయుధ కర్మాగారాల్లో డైనైట్రోఫినాల్ అనే రసాయనాన్ని పేలుడు పదార్థాల్లో కలిపేవారు. దాని మధ్య పనిచేసిన కార్మికులకు ఒళ్లు కాలిపోయేది, చెమటలు కారేవి, బరువు తగ్గిపోయేది. కొందరు చనిపోయారు. 1933లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మారిస్ టైంటర్, విండ్సర్ కటింగ్ ఇదే రసాయనాన్ని బరువు తగ్గించే మందుగా ముందుకు తెచ్చారు. తిండి నుంచి కణంలో పుట్టే శక్తి ఒంటికి అందకుండా వేడిగా మారి పోయేలా చూడడమే అది చేసే పని. ఏడాది తిరిగేసరికి అమెరికాలో లక్షమంది దాకా దాన్ని వాడి ఉంటారని టైంటరే అంచనా కట్టాడు. తర్వాత వయసులో ఉన్న ఆడవాళ్ల కళ్లకు శుక్లాలు రావడం మొదలైంది. 1938లో కొత్త చట్టం వచ్చాకగానీ ఆ మందును ఆపే అధికారం అక్కడి ప్రభుత్వానికి దక్కలేదు. ఆ విషం ఇంకా అంతరించలేదు కూడా. కండలు పెంచేవాళ్లకు ఇంటర్నెట్‌లో అమ్ముతూనే ఉన్నారు. మరణాలు పెరగడంతో బ్రిటన్ 2023 అక్టోబరులో దాన్ని విషాల చట్టం కిందికి తెచ్చింది.

తర్వాతి వంతు యాంఫెటమిన్లది. 1960ల అమెరికాలో బరువు తగ్గించే క్లినిక్‌లు వీధికొకటిగా వెలిశాయి. రంగురంగుల మాత్రలు పొట్లాలు కట్టి ఇచ్చేవారు. ఒకటి ఆకలి చంపడానికి, ఒకటి థైరాయిడ్, ఒకటి మూత్రం ఎక్కువగా పోవడానికి, ఒకటి గుండెకు, ఇవన్నీ రేపిన గాభరా తగ్గి నిద్ర పట్టడానికి ఇంకొకటి. 1968లో లైఫ్ పత్రిక విలేఖరి సుసానా మెక్‌బీ మామూలు బరువుతోనే పదిమంది వైద్యుల దగ్గరికి వెళ్లింది. ఆమెకు మొత్తం 1,479 మాత్రలు ఇచ్చారు. లావు లేని మనిషికి లావు తగ్గే మందు ఇవ్వడం మన కాలంలో పుట్టిన జాడ్యం కాదని ఆ ఒక్క లెక్క చెబుతుంది.

అదే కాలంలో, 1965లో, స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, జర్మనీ దేశాల్లో అమినోరెక్స్ అనే ఆకలి మందు వచ్చింది. బెర్న్ నగరంలోని వైద్యులు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం పెరిగే అరుదైన జబ్బు ఉన్నట్టుండి ఇరవై రెట్లయిందని గమనించారు. మూడేళ్లలో మందు వెనక్కి పోయింది. ఆకలి మీద పనిచేసే ఈ కుటుంబపు మందులు ఊపిరితిత్తులకు చేటు చేయగలవన్న సంగతి 1968కే తెలిసిపోయింది. తెలిసి కూడా ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ అదే గోతిలో పడ్డారు.

ఆ రెండో పాటు పేరు ఫెన్-ఫెన్. ఫెన్‌ఫ్లూరమిన్, ఫెంటెర్మిన్ అనే రెండు పాత మందుల జోడీ అది. విడివిడిగా రెంటికీ అనుమతి ఉంది. కలిపి వాడడానికి ఏనాడూ లేదు. 1992లో మైకేల్ వైంట్రాబ్ ప్రచురించిన అధ్యయనంలో పాల్గొన్నవారు 121 మందే. ఆ చిన్న అధ్యయనం ఆధారంగా దేశమంతా క్లినిక్‌లు తెరుచుకున్నాయి. 1996లో అమెరికాలో ఈ మందులకు రాసిన చీటీలు కోటీ ఎనభై లక్షలు దాటాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో దీని తోబుట్టువు రిడక్స్‌కు కూడా అనుమతి వచ్చింది.

ఉత్తర డకోటా రాష్ట్రంలో ఫార్గో అనే ఊరు ఉంది. అక్కడి ఆస్పత్రిలో గుండెకు ఎకో పరీక్ష చేసే టెక్నీషియన్ పామ్ రఫ్. 1994 చివర్లో ఆమె తెర మీద ఒక వింత చూసింది. నడివయసు స్త్రీల గుండె కవాటాలు మందంగా, తెల్లగా మెరుస్తూ, సరిగ్గా మూసుకోకుండా కనిపిస్తున్నాయి. అంతకుముందు వాళ్లకు గుండెజబ్బు లేదు. అడిగితే ఫెన్-ఫెన్ వాడుతున్నామన్నారు. ఆమె ఆ పేర్లు రాసిపెట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ జాబితా ఆమెతో పనిచేసే గుండె వైద్యుడికి, అక్కణ్నుంచి మేయో క్లినిక్‌లోని హైడీ కనొలీకి చేరింది. 1997 జూలైలో మేయో వైద్యులు 24 మంది స్త్రీల వివరాలు బయటపెట్టారు. సెప్టెంబరు 15న ఫెన్‌ఫ్లూరమిన్, రిడక్స్ రెండూ మార్కెట్ నుంచి పోయాయి. తయారీదారు అమెరికన్ హోమ్ ప్రొడక్ట్స్ 1999లో 375 కోట్ల డాలర్ల రాజీకి ఒప్పుకుంది. తర్వాతి ఏళ్లలో ఈ దావాల కోసం పక్కన పెట్టాల్సి వచ్చిన సొమ్ము 2,100 కోట్ల డాలర్లు దాటింది.

ఇక్కడ కాసేపు ఆగాలి. అనుమతి ఇచ్చిన సంస్థలో శాస్త్రవేత్తలున్నారు. తయారుచేసిన కంపెనీకి ప్రయోగశాలలున్నాయి. వేల మంది వైద్యులు చీటీలు రాస్తున్నారు. వీళ్లందరికంటే ముందు, రోజూ పాతిక ఛాతీల మీద యంత్రం ఆనించే టెక్నీషియన్ కనిపెట్టింది. ఆమె చేసింది తను చూసినదాన్ని వదిలేయకుండా రాసిపెట్టడం.

ఫ్రాన్స్ కథ మరీ కష్టం కలిగిస్తుంది, ఎందుకంటే అక్కడ ఫెన్-ఫెన్ పాఠం చేతిలో ఉండగానే తప్పు జరిగింది. సెర్వియే కంపెనీ 1976లో మెడియాటర్ అనే మందు తెచ్చింది. కాగితాల మీద అది షుగర్ ఉన్న లావుపాటి మనుషులకు. ఆచరణలో సన్నబడాలనుకునేవాళ్లకు విచ్చలవిడిగా రాశారు. యాభై లక్షల మంది దాకా వాడారు. ఒంట్లోకి వెళ్లాక అది నార్‌ఫెన్‌ఫ్లూరమిన్‌గా మారుతుంది. అమెరికాలో గుండె కవాటాలను పాడుచేసిన మందు ఒంట్లో విడిపోయినప్పుడు వచ్చేదీ అదే పదార్థం. 1997లో అక్కడ ఆ మందు పోయింది, ఫ్రాన్స్‌లో ఈ మందు మరో పన్నెండేళ్లు నడిచింది.

దాన్ని ఆపింది బ్రెస్త్ నగరంలోని ఊపిరితిత్తుల వైద్యురాలు ఇరెన్ ఫ్రషోన్. 2007 నుంచి తన ఆస్పత్రి రికార్డుల్లో కవాటాలు చెడినవారి పేర్లు వెతికి, వారిలో ఎవరెవరు మెడియాటర్ వాడారో ఒక్కొక్కటిగా లెక్క తీసింది. మందుల సంస్థ దగ్గరికి వెళ్తే మొదట్లో సరైన ఆదరణ లేదు. 2009 నవంబరులో మందు ఆగింది. 2010లో ఆమె పుస్తకం రాసి, ఎంతమంది చనిపోయారని అట్ట మీదే ఉపశీర్షికగా అడిగితే, కంపెనీ కోర్టుకెళ్లి ఆ ఉపశీర్షికను తీయించింది. మరుసటి ఏడు పైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఆమె ప్రశ్నకు నిపుణుల అంచనాలు 500 నుంచి 2,000 మరణాల దాకా ఉన్నాయి. 2021 మార్చి 29న పారిస్ కోర్టు సెర్వియేను మోసానికి, నరహత్యకు దోషిగా తేల్చి 27 లక్షల యూరోల జరిమానా వేసింది. సకాలంలో కదలని ఔషధ నియంత్రణ సంస్థకూ 3,03,000 యూరోలు పడింది. 2023 డిసెంబరులో అప్పీలు కోర్టు కంపెనీ కట్టాల్సిన మొత్తాన్ని 43 కోట్ల యూరోలకు పైగా పెంచింది. నియంత్రణ సంస్థకు కోర్టు శిక్ష వేయడమన్నది ఔషధ చరిత్రలో అరుదు. ఈ తీర్పును మన వైద్య కళాశాలల్లో పాఠంగా చెప్పాలి.

మిగతావి తొందరగా దాటవచ్చు. రిమొనబాంట్ 2006లో ఐరోపాలోకి వచ్చి, కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనల వల్ల 2008లో నిలిచిపోయింది. గుండెపోటు, పక్షవాతం ముప్పు తేలడంతో సిబుట్రమిన్‌ను అమెరికాలో 2010లో ఉపసంహరించారు. మన దేశం 2011లో నిషేధించింది. లోర్కసెరిన్ 2020లో క్యాన్సర్ అనుమానంతో పోయింది. నిషేధాల తర్వాత కూడా సిబుట్రమిన్‌ను మూలికల పేరున్న మాత్రల్లో దొంగచాటుగా కలిపి అమ్ముతున్న ఉదంతాలు అనేక దేశాల్లో పట్టుబడుతున్నాయి.

ఇంత చెప్పాక, కొత్త మందులు కూడా అదే బాపతు అనుకుంటే అన్యాయం చేసినట్టే. వీటి పుట్టుక వేరు. అన్నం తిన్నప్పుడు మన పేగుల్లోని కణాలు జీఎల్‌పీ-1 అనే హార్మోన్ వదులుతాయి. అది ఇన్సులిన్‌ను పెంచుతుంది, జీర్ణాశయం మెల్లగా ఖాళీ అయ్యేలా చేస్తుంది, ఇక చాలన్న కబురు మెదడుకు చేరుస్తుంది. 1980లలో బోస్టన్‌లో జోయెల్ హేబెనర్, స్వెత్లానా మొయ్సోవ్, డేనియల్ డ్రకర్, కోపెన్‌హేగన్‌లో యెన్స్ హోల్స్ట్ దీని గుట్టు విప్పారు. చిక్కల్లా, రక్తంలో పడ్డ రెండు నిమిషాల్లో అది సగానికి సగం విరిగిపోవడం. న్యూయార్క్‌లో మాజీ సైనికుల ఆస్పత్రి వైద్యుడు జాన్ ఎంగ్ 1992లో గిలా మాన్‌స్టర్ అనే ఎడారి బల్లి విషంలో ఇలాంటి పనే చేస్తూ గంటల తరబడి నిలిచే పదార్థం కనుగొన్నాడు. 2005లో దాని నుంచి తొలి మందు వచ్చింది. డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌లో లోటే క్నూడ్‌సెన్ బృందం మనిషి హార్మోన్‌కే కొవ్వు ఆమ్లం జోడించి, అది రక్తంలోని ఆల్బుమిన్‌ను పట్టుకుని నిలిచేలా చేసింది. మొదట రోజుకోసారి వేసుకునే లిరాగ్లూటైడ్, తర్వాత వారానికోసారి వేసుకునే సెమాగ్లూటైడ్ అలా పుట్టాయి. షుగర్‌కు ఒజెంపిక్‌గా 2017 డిసెంబరులో, బరువుకు వెగోవీగా 2021 జూన్‌లో అమెరికాలో అనుమతి దొరికింది. హార్మోన్‌లో పనిచేసే భాగాన్ని గుర్తించిన మొయ్సోవ్ పేరును లోకం చాలాకాలం తలవనేలేదు. 2024లో లాస్కర్ పురస్కారం ఆమెకూ దక్కడం సంతోషించాల్సిన విషయం.

ఫలితాలు పాత మందులు కలలో కూడా చూడనివి. 1,961 మంది మీద జరిగిన స్టెప్-1 పరీక్షలో సెమాగ్లూటైడ్ వాడినవారు 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గారు. ఉత్త సూది వేసుకున్నవారు తగ్గింది 2.4 శాతం. మౌంజారోలోని టిర్జెపటైడ్‌తో పెద్ద డోసులో 20 శాతం దాటింది. బరువు ఒక్కటే అయితే ఇంతగా చెప్పుకోనక్కర్లేదు. గుండెజబ్బు ఉండి షుగర్ లేని 17,604 మందిపై జరిగిన సెలెక్ట్ పరీక్షలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 20 శాతం తగ్గాయి. కిడ్నీ దెబ్బతిన్న షుగర్ రోగులకూ, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్న లావుపాటి వారికీ మేలు కనిపించింది. మోకాళ్లు అరిగి, బీపీ, షుగర్ చుట్టుకుని, ఎన్ని డైటింగులు చేసినా బరువు దిగని మనిషికి ఇది నిజమైన ఊరట. అలాంటి మనిషిని నోరు కట్టుకోలేవా అని ఎత్తిపొడవడం మన ఇళ్లలో ఇంకా పోలేదు. ఆకలి మనోబలంతో మాత్రమే నడిచేది కాదని, దాని వెనక హార్మోన్ల పని ఉందని ఈ మందులు రుజువు చేశాయి. అందుకైనా వాటికి కృతజ్ఞత చెప్పాలి.

కష్టనష్టాల సంగతి. అదే స్టెప్-1లో వికారం 44 శాతం మందికి వచ్చింది, విరేచనాలు 31 శాతానికి పైగా, వాంతులు 25 శాతానికి, మలబద్ధకం 23 శాతానికి. చాలామందికి డోసు మెల్లగా పెంచుతూ పోతే ఇవి సర్దుకుంటాయి. అందుకే 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నాలుగేసి వారాలకోసారి పెంచుతూ 2.4కు తీసుకువెళ్తారు. తొందరపడి పెద్ద డోసుతో మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ అవస్థ పడతారు. బరువు వేగంగా దిగితే గాల్‌బ్లాడర్‌లో రాళ్లు పడవచ్చు. అరుదుగా క్లోమం వాస్తుంది. కుటుంబంలో మెడల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవారు వాడకూడదు. జీర్ణాశయం మెల్లగా ఖాళీ అవుతుంది కాబట్టి, ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే ముందు ఈ సూది వేసుకుంటున్న సంగతి మత్తు డాక్టరుకు చెప్పి తీరాలి.

కంటి సంగతి వేరే చెప్పాలి. 2023 వేసవి చివర్లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ ఐ అండ్ ఇయర్ ఆస్పత్రిలో నాడీ నేత్ర వైద్యుడు జోసెఫ్ రిజో బృందానికి ఒకే వారంలో ముగ్గురు రోగులు ఎదురయ్యారు. ముగ్గురికీ కంటినరానికి రక్తం అందక హఠాత్తుగా చూపు పోయింది. ముగ్గురూ సెమాగ్లూటైడ్ వాడుతున్నారు. వాళ్లు ఊరుకోకుండా పాత రికార్డులు తిరగేసి 2024 జూలైలో ఫలితాలు ప్రచురించారు. పరిశీలన జరిపి 2025 జూన్‌లో ఐరోపా ఔషధ సంస్థ దీన్ని చాలా అరుదైన దుష్ఫలితంగా ఒప్పుకుంది. పదివేల మందిలో ఒకరికి రావచ్చు. ఈ అంకె చూసి షుగర్ రోగి మందు మానేయనక్కర్లేదు. కానీ ఆరోగ్యంగా ఉండి నాలుగు కిలోలు తగ్గాలనుకునే మనిషికి ఈ లెక్క మరోలా ఉంటుంది. లక్షల మంది వాడినప్పుడు పదివేలకొకటి కూడా చిన్న సంఖ్య కాదు.

మనవాళ్ల శరీరాలకు సంబంధించిన ప్రశ్న ఇంతకంటే పెద్దది. స్టెప్-1లో పాల్గొన్నవారిలో 75 శాతం తెల్లజాతివారు, ఆసియావారు 13 శాతం. పూణె కేఈఎం ఆస్పత్రి వైద్యుడు చిత్తరంజన్ యాజ్నిక్ 2004లో లండన్ మిత్రుడు జాన్ యుడ్కిన్‌తో కలిసి లాన్సెట్‌లో ఒక ఫొటో వేశాడు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్నిక్ ఒంట్లో 21.2 శాతం. చూడ్డానికి సన్నగా, లోపల కొవ్వుగా, కండ తక్కువగా ఉండే శరీరం మనది. స్టెప్-1లోనే కొందరికి స్కాన్ తీసి చూస్తే, తగ్గిన బరువులో ఐదింట రెండు వంతులకు దగ్గరగా కొవ్వు కానిది, అంటే కండ వగైరా, పోయింది. కండ ఎక్కువున్న శరీరం ఆ నష్టాన్ని తట్టుకుంటుంది. పుట్టుకతోనే కండ తక్కువున్న శరీరం ఏమవుతుంది?

మన కంచాన్ని చూస్తే ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. 2025లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం భారతీయుల ఆహార శక్తిలో 62 శాతం పిండిపదార్థాలదే, మాంసకృత్తులది 12 శాతం. మూడు పూటలా అన్నమో ఇడ్లీయో ఉప్మాయో తినే మనిషికి సూది వల్ల ఆకలి సగమైతే, తగ్గేది అన్నం ఒక్కటే కాదు, అసలే తక్కువున్న పప్పు, గుడ్డు, పెరుగు కూడా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 36.3 శాతం, తెలంగాణ స్త్రీలలో 30.1 శాతం అధిక బరువు ఉన్నవారు. అదే సర్వేలో ఆంధ్ర స్త్రీలలో సగానికి పైగా రక్తహీనులు. లావు, రక్తహీనత ఒకే ఒంట్లో ఉండటం మన ప్రత్యేక సమస్య. మాంసకృత్తులు, ఇనుము, వ్యాయామం గురించి మాట్లాడకుండా ఈ మందు రాసే డాక్టరు సగం వైద్యమే చేస్తున్నాడు.

ఇంకో సంగతి ఆడపిల్లల తల్లిదండ్రులు తెలుసుకోవాలి. పెళ్లికి ఆరు నెలల ముందు అమ్మాయి సన్నబడాలనే ఒత్తిడి మన సమాజంలో మామూలు. సెమాగ్లూటైడ్ వాడుతున్నవారు గర్భం దాల్చాలనుకుంటే కనీసం రెండు నెలల ముందు ఆపాలని మందు వెంట వచ్చే సూచనలే చెబుతున్నాయి. టిర్జెపటైడ్ గర్భనిరోధక మాత్రల పనిని తగ్గించగలదు. పెళ్లి కోసం సూది మొదలుపెట్టిన అమ్మాయికి ఈ రెండు ముక్కలు ఎవరైనా చెబుతున్నారా? చెప్పాల్సిన బాధ్యత రాసినవాళ్లది, అమ్మినవాళ్లది.

ఆపేస్తే ఏమవుతుందన్నదీ తెలిసిందే. స్టెప్-1 తర్వాత మందు మానిన 228 మందిని మరో ఏడాది గమనిస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. అంటే ఇది బీపీ మాత్రలా ఏళ్ల తరబడి వాడాల్సిన మందు. ప్రకటనల్లో ఈ మాట చిన్న అక్షరాల్లో కూడా దొరకదు.

ప్రకటనల దగ్గరికి వస్తే, చీటీ మందులను నేరుగా జనానికి ప్రచారం చేసుకోనిచ్చే సంపన్న దేశాలు రెండే, అమెరికా, న్యూజిలాండ్. అమెరికా టీవీల్లో ఆ తలుపులు బార్లా తెరిచింది 1997లో, సరిగ్గా ఫెన్-ఫెన్ పోయిన ఏడాదే. ఒజెంపిక్ ప్రకటనకు 1970ల పాప్ పాట బాణీ కట్టారు. ఆ దేశంలో పిల్లలు కూడా ఆ పేరు పాడేవారు. షుగర్ మందుగా మొదలైన ప్రచారాన్ని హాలీవుడ్ బరువు మందుగా మార్చేసింది. 2023 డిసెంబరులో ఓప్రా విన్‌ఫ్రే తానూ ఇలాంటి మందు వాడుతున్నానని చెప్పింది. అంతకుముందు ఆమె డైరెక్టరుగా ఉన్న వెయిట్‌వాచర్స్ 2025 మేలో దివాలా పిటిషన్ వేసింది. కేఎఫ్ఎఫ్ సంస్థ 2024 మేలో వెలువరించిన సర్వేలో అమెరికా పెద్దల్లో 12 శాతం మంది ఏదో ఒకప్పుడు ఈ మందులు వాడామన్నారు. 2023లో నోవో నార్డిస్క్ మార్కెట్ విలువ డెన్మార్క్ దేశ స్థూల ఉత్పత్తినే దాటింది. గిరాకీ ఎక్కడుంటే నకిలీ అక్కడికి వస్తుంది. 2023లో ఆస్ట్రియాలో నకిలీ ఒజెంపిక్ వేసుకున్నవారు రక్తంలో చక్కెర పడిపోయి ఆస్పత్రి పాలయ్యారు. లోపలున్నది ఇన్సులిన్ అయి ఉంటుందని అక్కడి అధికారులు చెప్పారు. 2024 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నకిలీ బ్యాచ్‌ల మీద హెచ్చరిక జారీ చేసింది.

ప్రకటన నిషేధం ఉన్నచోట దారి వేరుగా ఉంటుంది. బ్రిటన్‌లో నోవో నార్డిస్క్ ఆరోగ్య సిబ్బందికి బరువు నియంత్రణ శిక్షణ అంటూ డబ్బిచ్చి తరగతులు నడిపించింది. అది ఆ కంపెనీ బరువు మందు సాక్సెండాకు మారువేషంలో చేసిన ప్రచారమని తేలి, 2023 మార్చిలో అక్కడి ఔషధ పరిశ్రమ సంఘం తన సొంత సభ్యుణ్ణే రెండేళ్లు పక్కన పెట్టింది. మన దేశానికి ఈ ఉదంతం చాలా ముఖ్యం. అభ్యంతరకర మందుల ప్రకటనల మీద 1954లో మనం చేసుకున్న చట్టం తన జాబితాలో ఊబకాయాన్ని కూడా చేర్చింది. ఆ జబ్బు నయం చేస్తామని జనానికి ప్రకటన ఇవ్వకూడదు. చట్టం ఉంది. అయినా నెలలో పది కిలోలన్న పోస్టరు లేని బస్టాండు మన దగ్గర ఉందా? ఇప్పుడు దానికి తోడు, మందు పేరెత్తకుండా ఊబకాయం ఒక జబ్బు, డాక్టరును అడగండి అనే అవగాహన ప్రకటనలు, ముందూ తర్వాతా ఫొటోలు పెట్టే ఇన్‌స్టాగ్రామ్ పేజీలు వచ్చాయి. ఊబకాయం జబ్బేనన్న మాట నిజం. ఆ మాటను ఎవరు, ఎవరి డబ్బుతో, ఏ మందు మార్కెట్లోకి దిగే వారంలో చెబుతున్నారన్నది కూడా అంతే అవసరమైన నిజం.

ధర ఇంతకాలం ఒక రకంగా కాపలా కాసింది. 2025 జూన్‌లో వెగోవీ మన దేశంలోకి వచ్చినప్పుడు నెలకు 17,345 నుంచి 26,015 రూపాయలు. నవంబరుకే మొదటి డోసు 10,850కి దిగింది. యేల్ పరిశోధకుల లెక్క ప్రకారం నెల మందు తయారీ ఖర్చు లాభం కలుపుకున్నా 5 డాలర్లు దాటదు. 2026 మార్చిలో సెమాగ్లూటైడ్ పేటెంటు మన దేశంలో ముగిసింది. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ సహా పలు కంపెనీలు అందుకోసం ముందునుంచే సిద్ధమయ్యాయి. పేటెంటు లేని దేశాలకు ఎగుమతి చేసుకోవడానికి డాక్టర్ రెడ్డీస్‌కు ఢిల్లీ హైకోర్టు 2025 డిసెంబరులోనే వీలు కల్పించింది. మౌంజారో తయారుచేసే ఎలై లిల్లీ కూడా హైదరాబాద్‌లో తయారీ, నాణ్యతా కేంద్రం పెడతానని ప్రకటించింది. ఈ మందు చవకగా దొరకడం అన్నివిధాలా మంచిది. 2030 నాటికి కూడా అవసరమైనవారిలో పదోవంతు మందికైనా ఇది చేరదని ప్రపంచ ఆరోగ్య సంస్థ బాధపడుతున్న రోజుల్లో, దాన్ని పేదవాడికి అందుబాటులోకి తేగల సత్తా మన ఊరి కంపెనీలకుంది. అది గర్వించాల్సిన సంగతి.

చవక మందు ఎక్కడికి చేరుతుందో కూడా చూడాలి. మన పల్లెల్లో జ్వరానికైనా నీరసానికైనా సూది అడిగే అలవాటు ఉంది, వేసే ఆర్ఎంపీలూ ఉన్నారు. చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇచ్చే మెడికల్ షాపు ఈ సూది పెన్నును మాత్రం చీటీ చూసే ఇస్తుందని నమ్మడం కష్టం. షుగర్‌కు ఇప్పటికే ఇన్సులిన్‌నో గ్లిమెపిరైడ్‌నో వాడుతున్న రైతు ఈ సూది కూడా కలిపి, ఎండలో తిండి తక్కువై పని చేస్తే చక్కెర పడిపోయి పొలంలోనే కూలిపోగలడు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోతే కిడ్నీ దెబ్బతింటుంది. ఉద్దానంలాంటి చోట, కిడ్నీ జబ్బు ఊళ్లకు ఊళ్లనే పీడిస్తున్న చోట, ఇది ఎంత జాగ్రత్తగా వాడాల్సిన మందో ఎవరైనా ఊహించగలరు.

అందుకని కావాల్సింది చూసే కళ్లు, రాసే చేతులు. మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం మన దేశంలో 2010లో మొదలైంది. ఘాజియాబాద్‌లోని భారత ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. వైద్య కళాశాలల్లో దాని కేంద్రాలున్నాయి. అక్కడ నింపాల్సిన ఫారం పెద్దది కాదు. మందు పేరు, బ్యాచ్ నంబరు, ఎప్పుడు మొదలుపెట్టారు, ఎంత డోసు, ఏమైంది, మందు ఆపితే తగ్గిందా అన్నవే ముఖ్యం. డాక్టరే నింపాలనీ లేదు. నర్సు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్, ఆశా కార్యకర్త ఎవరైనా నింపవచ్చు, రోగి తానే చెప్పుకోవచ్చు. ఉచిత ఫోను నంబరు 1800-180-3024. ఒకే మందును పలు కంపెనీలు పలు పేర్లతో అమ్ముతున్నప్పుడు బ్యాచ్ నంబరు గడి ఖాళీగా వదిలేస్తే ఏ సరుకులో తేడా ఉందో ఎన్నటికీ తేలదు. కాబట్టి వాడేవాళ్లు పెన్ను పెట్టెను పారేయకుండా దాచుకోవాలి, బిల్లు అడిగి తీసుకోవాలి. ప్రతి మెడికల్ షాపు గోడ మీద ఆ ఫోను నంబరు తెలుగులో, దూరానికి కనబడే అక్షరాల్లో రాసి ఉండాలన్న నిబంధన రెండు తెలుగు రాష్ట్రాల ఔషధ నియంత్రణ శాఖలు ఈ ఏడాదే పెట్టవచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు.